కొలిమి, అంకె, నైపుణ్యం: ‘స్కైరిమ్’ వీడియో గేమ్‌లో కమ్మరిపని చిత్రణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌లు చేతివృత్తులను ఆట నియమాలుగా మలుస్తాయి. 2011లో వెలువడిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’ అనే గేమ్‌లో కమ్మరిపని 18 నైపుణ్యాలలో ఒకటి. ఆ నైపుణ్యాన్ని గేమ్ ఏ విధంగా నిర్మించింది, శ్రమను దేనితో కొలిచింది, వృత్తిలోని ఏ అంశాలను నిలుపుకొని వేటిని విడిచిపెట్టింది అన్నది ఈ వ్యాసం వివరిస్తుంది. గేమ్ ఆటగాడికి అందించే నైపుణ్యం కంటే, అతనికి ఎన్నటికీ అందని రెండు లోహాల ద్వారానే కమ్మరి జ్ఞాన స్వభావం స్పష్టంగా వ్యక్తమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలంగాణ ఉక్కు చరిత్రలోని ఒక సందర్భాన్ని ఈ ప్రతిపాదనకు పోలికగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్ అధ్యయనం, కమ్మరిపని, స్కైరిమ్, చేతివృత్తులు, అవ్యక్త జ్ఞానం, ఉక్కు, కోనసముద్రం.

1. ఉపోద్ఘాతం:

కథ, కవిత్వం, నాటకం చేతివృత్తిని వర్ణిస్తాయి. వీడియో గేమ్ వర్ణనతో ఆగదు. ఆ పనిని ఆటగాడి చేత ‘చేయిస్తుంది’. ఏ పనికి ఏ ముడిసరుకు కావాలి, ఎవరికి ఎప్పుడు అర్హత లభిస్తుంది, ఏ పనికి ఎంత ఫలితం దక్కుతుంది అనే నియమాలన్నీ ముందుగా రాసి ఉంటాయి. ఆటగాడు ఆ నియమాలలో మసలుతూ, ఆ వృత్తిని గురించిన ఒక అభిప్రాయాన్ని తనకు తెలియకుండానే స్వీకరిస్తాడు. ఇయాన్ బోగోస్ట్ 2007లో ప్రచురించిన ‘పర్సువేసివ్ గేమ్స్’ గ్రంథంలో ఈ లక్షణాన్ని సిద్ధాంతీకరించాడు. మాటల ద్వారా, చిత్రాల ద్వారా కాక, ప్రక్రియల ద్వారా సాగే ఈ వాదనను ‘ప్రక్రియాత్మక వాదన’ అనవచ్చు.

ఈ దృష్టితో చూసినప్పుడు గేమ్‌లోని కొలిమి అలంకారం కాదు. నైపుణ్యం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు అది ఒక సమాధానం. చేతివృత్తులు క్షీణిస్తున్న కాలంలో, కొలిమిని ప్రత్యక్షంగా చూడని తరానికి కమ్మరిపనిని మొదట పరిచయం చేసేది ఇటువంటి గేమ్ కావచ్చు. కనుక ఆ సమాధానం ఎంతవరకు సరైనదో పరిశీలించడం అవసరం. ఇందుకు బెథెస్డా గేమ్ స్టూడియోస్ నిర్మించిన ‘స్కైరిమ్’ అనువైన ఉదాహరణ. దీనిలో కమ్మరిపని కథకు అనుబంధంగా కాక, ఆటగాడి ఎదుగుదలకు ఒక ప్రధాన మార్గంగా ఉంది.

2. స్కైరిమ్‌లో కమ్మరిపని నిర్మాణం:

2.1 పనిముట్లు, ముడిసరుకులు:

స్కైరిమ్ అనేది ఉత్తరాది చలిప్రాంతపు ఐతిహ్యాలను తలపించే ఒక కల్పిత రాజ్యం. దానిలోని కమ్మరి పని ఐదు స్థానాల మధ్య సాగుతుంది. ఖనిజాన్ని లోహపు కడ్డీగా మార్చేది కరిగింపు కొలిమి. కడ్డీలతో ఆయుధాలను, కవచాలను తయారుచేసేది ప్రధాన కొలిమి. ఆయుధాలకు పదును పెంచేది సాన. కవచాలను మెరుగుపరిచేది పనిబల్ల. జంతుచర్మాలను తోలుగా, తోలును పట్టీలుగా మార్చేది తోలు చట్రం. ఖనిజాన్ని ఆటగాడే గనిలో గునపంతో తవ్వుకోవచ్చు, లేదా అంగడిలో కొనుక్కోవచ్చు.

ఈ ఐదింటినీ కలిపే సూత్రాలు సరళమైనవి. ఒక ఇనుప ఖనిజం ఒక ఇనుప కడ్డీ అవుతుంది. ఒక తోలు నాలుగు పట్టీలు అవుతుంది. ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు పట్టీ కలిస్తే ఒక ఇనుప బాకు సిద్ధమవుతుంది. రివర్‌వుడ్ గ్రామంలో ఆల్వర్ అనే కమ్మరి కొత్త ఆటగాడికి ఈ పాఠాన్నే నేర్పుతాడు: బాకు చేయించి, దానికి సాన పట్టించి, తోలు తయారు చేయించి, శిరస్త్రాణం కుట్టించి, దానిని మెరుగుపరిపిస్తాడు. ముడిసరుకు నుండి పూర్తయిన వస్తువు వరకు సాగే క్రమాన్ని ఒక గురువు సమక్షంలో చూపించడం గేమ్ నిర్మాణంలోని మంచి అంశం. వృత్తి అనేది ఒకే పని కాదని, అనేక పనుల గొలుసు అని ఆటగాడు గ్రహిస్తాడు.

2.2 అంకె, అర్హత:

ఈ గేమ్‌లో ప్రతి నైపుణ్యానికి ఒక స్థాయి ఉంటుంది. కమ్మరిపని స్థాయి సాధారణంగా 15 వద్ద మొదలై 100 వరకు పెరుగుతుంది. ఆటగాడు ఎంచుకున్న పాత్ర నార్డ్, రెడ్‌గార్డ్, ఓర్క్ జాతులలో ఒకదానికి చెందినదైతే అది 20 వద్ద మొదలవుతుంది. స్థాయి పెరిగేకొద్దీ ‘పెర్క్’ అనే ప్రత్యేక అర్హతలను ఎంచుకునే వీలు కలుగుతుంది. ఇనుప వస్తువులకు ఏ అర్హతా అవసరం లేదు. ఉక్కుకు మొదటి పెర్క్ కావాలి. అక్కడి నుండి చెట్టు రెండుగా చీలుతుంది. తేలికపాటి కవచాల శాఖలో ఎల్వెన్ పనికి 30, ఉన్నత కవచాలకు 50, గాజు కవచాలకు 70 స్థాయి అవసరం. భారీ కవచాల శాఖలో ద్వార్వెన్ పనికి 30, ఓర్కిష్ పనికి 50, ఎబొనీకి 80, డీడ్రిక్‌కు 90 కావాలి. చివర 100 వద్ద డ్రాగన్ ఎముకలతో, పొలుసులతో కవచం చేసే అర్హత లభిస్తుంది.

తయారైన వస్తువును మెరుగుపరిచే పనిలోనూ మెట్లున్నాయి. వస్తువు ‘ఫైన్’ నుండి ‘లెజెండరీ’ వరకు ఆరు శ్రేణుల పేర్లను పొందుతుంది. ఒక లోహానికి చెందిన పెర్క్ ఉన్నట్లయితే ఆ లోహపు వస్తువులను మెరుగుపరిచే ఫలితం రెట్టింపవుతుంది. ఈ విధంగా జ్ఞానం లోహాల శ్రేణిగా అమరింది. ఏ లోహాన్ని తాకే అర్హత లభించిందన్నదే ఇక్కడ కమ్మరి ఎదుగుదలకు గుర్తు. ఒకే ఇనుముతో కొడవలి మొదలు బండిచక్రపు పట్టా వరకు చేయగలిగిన వాడే నేర్పరి అన్న అవగాహనకు ఈ నిర్మాణంలో చోటు లేదు.

3. ఇనుప బాకు – అభ్యాసానికి కొలమానం:

గేమ్ విడుదలైన తొలి నెలల్లో ఏ వస్తువు చేసినా నైపుణ్యం ఒకే మేరకు పెరిగేది. వెచ్చించిన ముడిసరుకుతోనూ, తయారైన వస్తువు విలువతోనూ నిమిత్తం లేదు. దాంతో అతి చౌకైన ఇనుప బాకులను వందల సంఖ్యలో చేయడం ఆటగాళ్ళలో ప్రసిద్ధమైన మార్గమైంది. ఇనుము కొనడం, బాకులు చేయడం, వాటిని అమ్మడం, మళ్ళీ ఇనుము కొనడం అనే వలయంలో కొద్దిసేపటికే స్థాయి 100కు చేరేది. 2012 మార్చిలో వచ్చిన 1.5 సవరణతో నిర్మాతలు ఈ పద్ధతిని మార్చారు. అప్పటి నుండి నైపుణ్యపు పెరుగుదల తయారైన వస్తువు విలువను అనుసరించి ఉంటుంది.

ఈ రెండు నియమాల మధ్య భేదం గమనించదగినది. తొలి నియమం ప్రకారం నైపుణ్యం అంటే పునరావృతి. ఎన్నిసార్లు చేశావన్నదే ప్రశ్న. రెండవ నియమం ప్రకారం నైపుణ్యం అంటే విలువ. ఎంత ఖరీదైనది చేశావన్నదే ప్రశ్న. సవరణ తరువాత ఆటగాళ్ళ దృష్టి మూల విలువ 10 నాణేలున్న ఇనుప బాకు నుండి 75 నాణేలున్న బంగారు ఉంగరానికి, 270 నాణేలున్న ద్వార్వెన్ విల్లుకు మళ్ళింది. ఇనుప ఖనిజాన్ని వెండిగా, వెండిని బంగారంగా మార్చే మంత్రం కూడా గేమ్‌లో ఉన్నందున, ఉంగరాలు చేసి మేటి కమ్మరి కావడం సాధ్యమైంది. ఇక్కడ నేర్పుకు ప్రమాణం అంగడి ధర.

వాస్తవంలోని శిష్యరికానికి ఈ రెండు నియమాలలో మొదటిదే కొంత దగ్గర. కొలిమి పని నేర్చుకునేవాడు ఏళ్ళ తరబడి చిన్న వస్తువులే చేస్తాడు. అయితే గేమ్‌లోని నూరవ బాకుకూ మొదటి బాకుకూ ఏ భేదమూ లేదు. పెరిగినది అంకె మాత్రమే, వస్తువు అదే. అభ్యాసం వల్ల వస్తువు మారకపోతే ఆ అభ్యాసానికి అర్థమేమిటన్న ప్రశ్నను ఏ సవరణా తీర్చలేదు.

4. మరమ్మతు నుండి తయారీకి:

ఇదే శ్రేణిలోని పూర్వపు గేమ్‌లను పరిశీలిస్తే మరొక ముఖ్యమైన మార్పు కనిపిస్తుంది. 2002 నాటి ‘మారోవిండ్’, 2006 నాటి ‘ఆబ్లివియన్’ గేమ్‌లలో ‘ఆర్మరర్’ అనే నైపుణ్యం ఉండేది. అది తయారీకి సంబంధించినది కాదు, మరమ్మతుకు సంబంధించినది. యుద్ధంలో ఆయుధాలు మొద్దుబారేవి, కవచాలు దెబ్బతినేవి. ఆటగాడు సుత్తులు వెంట ఉంచుకొని వాటిని బాగుచేసుకోవాలి. మారోవిండ్‌లో మరమ్మతు ప్రయత్నం విఫలమయ్యే అవకాశం ఉండేది. ఆబ్లివియన్‌లో సుత్తి విరిగిపోయేది. నైపుణ్యంలో అత్యున్నత శ్రేణికి చేరినవాడి సుత్తి మాత్రమే విరిగేది కాదు.

స్కైరిమ్‌లో వస్తువుల అరుగుదలను తొలగించారు. దానితో మరమ్మతు పోయింది, తయారీ వచ్చింది. ఆట సౌకర్యం దృష్ట్యా దీనిని సమర్థించవచ్చు. కానీ వృత్తి చిత్రణలో దీని పర్యవసానం పెద్దది. పల్లె కమ్మరి జీవనంలో అధికభాగం మరమ్మతే. తెలుగు పల్లెలలో దుక్కికి ముందు నాగటి కర్రు కాల్చి సాగదీయడం, కోతకు ముందు కొడవళ్ళకు కక్కులు కొట్టడం కమ్మరికి ఏటేటా తిరిగివచ్చే పనులు. వాటికి ప్రతిఫలంగా రైతు కళ్ళం దగ్గర ‘మేర’ కింద ధాన్యం కొలిచేవాడు. ఇనుము అరుగుతుంది కనుకనే కమ్మరికీ రైతుకూ మధ్య బంధం ఏటేటా కొనసాగింది.

అరుగుదల లేని లోకంలో కమ్మరితో ఎవరికీ శాశ్వతమైన అవసరం లేదు. ఆటగాడు తన కత్తిని తానే చేసుకొని, తానే ధరించి, మిగిలినవి అమ్ముకుంటాడు. సేవావృత్తిగా ఉన్న కమ్మరిపని ఈ విధంగా స్వయం ఉన్నతికి సాధనంగా మారింది. ఆల్వర్ కొలిమి దగ్గర తండ్రికి తోడుగా తిరిగే కూతురు డోర్తే, వైట్‌రన్ నగరపాలకుని కోసం ఖడ్గం చేస్తున్న ఏడ్రియాన్ అవెనిచీ వంటి పాత్రలలో వృత్తికి గల కుటుంబ, సామాజిక సంబంధాల జాడలు నిలిచాయి. అవి కథలో ఉన్నాయి. ఆట నియమాలలో లేవు.

5. వైఫల్యం లేని కొలిమి:

స్కైరిమ్‌లో కొలిమి ముందు నిలిచిన ఆటగాడికి ఒక జాబితా కనిపిస్తుంది. ముడిసరుకులు, అర్హత ఉంటే వస్తువు తయారవుతుంది. లేకుంటే తయారు కాదు. మధ్యస్థితి లేదు. ఇనుము ఎక్కువ కాలి పాడవడం, నీట ముంచినప్పుడు పగలడం, అతుకు సరిగా పడకపోవడం వంటివి జరగవు. బొగ్గు అవసరం లేదు. ఆ లోకపు గడియారంలో కాలం కూడా గడవదు.

విడిచిపెట్టిన ఈ అంశాలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. అవన్నీ కమ్మరి ఇంద్రియాలతో, క్షణక్షణ నిర్ణయంతో ముడిపడినవి. కాలిన ఇనుము రంగును బట్టి వేడిని అంచనా కట్టడం, సమ్మెట దెబ్బకు దాగలి పలికే ధ్వనిని బట్టి లోహపు స్థితిని గుర్తించడం, ఏ క్షణంలో నీట ముంచాలో నిర్ణయించడం పుస్తకంలో రాసి నేర్పగలిగేవి కావు. మైకేల్ పొలానీ 1958 నాటి ‘పర్సనల్ నాలెడ్జ్’, 1966 నాటి ‘ది టాసిట్ డైమెన్షన్’ గ్రంథాలలో ఇటువంటి జ్ఞానాన్ని చర్చించాడు. సూత్రాలకు పూర్తిగా లొంగక, చేసేవాడి శరీరంలో, అలవాటులో ఉండే ఈ జ్ఞానాన్ని ‘అవ్యక్త జ్ఞానం’ అంటారు. గేమ్ అనేది స్వభావరీత్యా సూత్రాల సముదాయం. కనుక సూత్రానికి లొంగనిది దానిలోకి ప్రవేశించడం కష్టం.

గురువు నుండి నేర్చుకోవడం సైతం దీనికి మినహాయింపు కాదు. స్కైరిమ్‌లో శిక్షకుడికి డబ్బు చెల్లిస్తే నైపుణ్యపు అంకె వెంటనే పెరుగుతుంది. పాత్ర పొందిన ఒక్కొక్క స్థాయికి గరిష్ఠంగా ఐదుసార్లు ఈ శిక్షణ కొనవచ్చు. గురువు చెప్పేదేమిటో, శిష్యుడు చూసేదేమిటో గేమ్ చూపదు. జ్ఞానం ఇక్కడ చేతులు మారే సరుకు.

6. ఆటగాడికి అందని లోహాలు:

6.1 స్కైఫోర్జ్ ఉక్కు, ద్వెమర్ లోహం:

ఇంతవరకు చెప్పినదానిని బట్టి స్కైరిమ్ కమ్మరిపనిని పూర్తిగా సరళీకరించిందన్న నిర్ణయానికి రావచ్చు. అయితే గేమ్ తన నియమానికి తానే రెండు హద్దులు గీసింది. అవి ఈ నిర్ణయాన్ని పునరాలోచింపజేస్తాయి.

మొదటిది వైట్‌రన్ నగరంలోని స్కైఫోర్జ్ అనే పురాతన కొలిమి. అక్కడ పనిచేసే ఎయోర్లండ్ గ్రే-మేన్ ఆ రాజ్యంలో మేటి కమ్మరి. కమ్మరిపనిలో అత్యున్నత శిక్షకుడు కూడా. ఆటగాడు అతనికి డబ్బు చెల్లించి స్థాయిని 90 వరకు పెంచుకోవచ్చు. కానీ ఎయోర్లండ్ చేసే స్కైఫోర్జ్ ఉక్కు ఆయుధాలను ఆటగాడు ఎన్నటికీ చేయలేడు. స్థాయి 100కు చేరినా ఆ పేరు తయారీ జాబితాలో కనిపించదు. గురువు అంకెను ఇవ్వగలిగాడు, తన చేతిని ఇవ్వలేకపోయాడు.

రెండవది ద్వెమర్ లోహం. ద్వెమర్ అనేది ఆ కల్పిత చరిత్రలో ఒక్కసారిగా అదృశ్యమైన జాతి. వారి శిథిల నగరాలలో యంత్రాలు ఇంకా తిరుగుతుంటాయి గాని వాటిని చేసినవారు లేరు. వారి లోహానికి గనిలో ఖనిజం లేదు. శిథిలాలలో దొరికే విరిగిన పట్టీలను, పలకలను కరిగించి కడ్డీలు పోయడమే మార్గం. స్థాయి 30 వద్ద ఆటగాడు ఆ లోహంతో ఆయుధాలు, కవచాలు చేయగలడు; ఆ లోహాన్ని మాత్రం చేయలేడు. మిగిలిన తునకలను మళ్ళీ మళ్ళీ వాడుకోవడమే తప్ప కొత్తది పుట్టదు. ఒక జాతి పోతే ఆ జాతి చేతిలోని జ్ఞానం కూడా పోతుందన్న విషయాన్ని ఖనిజం లేకపోవడమనే ఒక్క నియమంతో గేమ్ చెప్పగలిగింది. పై భాగంలో పేర్కొన్న అవ్యక్త జ్ఞానానికి ఇది అభావరూపమైన చిత్రణ.

6.2 ఉక్కు – కురువిందం – కోనసముద్రం:

ఇటువంటి జ్ఞాననష్టం కల్పిత చరిత్రకే పరిమితం కాదు. స్కైరిమ్ ఉక్కు సూత్రమే ఈ పోలికకు దారి చూపుతుంది. గేమ్‌లో ఉక్కు కడ్డీకి ఒక ఇనుప ఖనిజం, ఒక కొరండం ఖనిజం కావాలి. వాస్తవంలో ఉక్కు ఇనుమూ కర్బనమూ కలిసిన లోహం. కొరండం అల్యూమినియం ఆక్సైడు; కెంపు, నీలం ఆ ఖనిజపు రూపాలే. ఆ ఆంగ్లపదానికి మూలం ‘కురువిందం’ వంటి దక్షిణ భారత భాషల పదం. గేమ్ సూత్రంలో కర్బనం ఎక్కడా లేదు.

ఈ పొరపాటుకు విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక ప్రతిధ్వని ఉంది. భారతదేశం నుండి ఐరోపాకు చేరిన మూస ఉక్కు అక్కడ ‘వూట్జ్’ అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఆ పేరు ‘ఉక్కు’ శబ్దం నుండి వచ్చిందన్నది విస్తృతంగా ఆమోదం పొందిన అభిప్రాయం. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును విశ్లేషించి, దాని విశిష్టతకు అల్యూమినా, సిలికా కారణాలు కావచ్చునని భావించాడు. అల్యూమినా అంటే కొరండం పదార్థమే. ఆ ఉక్కు ప్రత్యేకతకు ప్రధానాధారం అధిక కర్బనమని, అది సుమారు 1 నుండి 2 శాతం వరకు ఉంటుందని తరువాత స్థిరపడింది. గేమ్ నిర్మాతలు ఫారడేను అనుసరించారని చెప్పడానికి ఆధారం లేదు. ఇది యాదృచ్ఛికమైన పోలిక. అయితే వస్తువు చేతిలో ఉన్నంత మాత్రాన దానిని చేసే విధానం తెలియదన్న సంగతిని ఫారడే ఉదంతం నిరూపిస్తుంది.

ఆ మూస ఉక్కుకు పేరుపొందిన స్థలాలలో ఉత్తర తెలంగాణలోని కోనసముద్రం ఒకటి. నేటి నిజామాబాదు జిల్లాలోని ఈ గ్రామంలో జరిగిన ఉక్కు తయారీని హెచ్. డబ్ల్యు. వాయిసీ స్వయంగా పరిశీలించాడు. అతని వివరణ అతని మరణానంతరం 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు వేర్వేరు చోట్ల ఇనుములను నిర్ణీత పాళ్ళలో కలిపి మట్టి మూసలలో కరిగించే పద్ధతిని అతడు నమోదు చేశాడు. ఆ ఉక్కు కోసం పర్షియా నుండి వచ్చిన వర్తకుడు అక్కడే ఉండి, తూకాన్నీ తయారీనీ పర్యవేక్షించేవాడని తెలిపాడు. తమ దేశంలో దానిని అనుకరించే ప్రయత్నాలు ఫలించలేదని ఆ వర్తకుడు చెప్పిన సంగతి కూడా ఆ వివరణలో ఉంది. పాళ్ళు తెలుసు, మూస కళ్ళ ముందున్నది, తూచింది తానే. అయినా ఉక్కు కోసం మళ్ళీ కోనసముద్రానికే రావలసివచ్చింది. స్కైరిమ్ భాషలో చెప్పాలంటే ఆ వర్తకుడికి సూత్రం తెలుసు, కొలిమి లేదు.

కాలక్రమంలో ఆ పరిశ్రమ అంతరించింది. నేటి పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామాలలో మిగిలిన చిట్టెపు కుప్పలను, మూసల తునకలను సేకరించి, ప్రయోగశాలలో పరీక్షించి, ఆ విధానాన్ని పునర్నిర్మించే ప్రయత్నం చేస్తున్నారు. శిథిలాలలో ద్వెమర్ తునకలు ఏరుకునే ఆటగాడికీ వీరికీ ఒక భేదం ఉంది. ఆటగాడు తునకను కరిగించి వాడుకుంటాడు. పరిశోధకుడు తునకను కరిగించకుండా చదువుతాడు.

7. ముగింపు:

స్కైరిమ్ కమ్మరిపనిని పనుల గొలుసుగా చూపడంలో సఫలమైంది. నైపుణ్యాన్ని అంకెగా, జ్ఞానాన్ని అర్హతగా, అభ్యాసాన్ని అంగడి విలువగా మార్చడంలో వృత్తి స్వరూపాన్ని కుదించింది. అరుగుదలను తొలగించడం ద్వారా కమ్మరికీ సమాజానికీ గల సంబంధాన్ని, వైఫల్యాన్ని తొలగించడం ద్వారా కమ్మరికీ లోహానికీ గల సంబంధాన్ని ఆట నియమాల నుండి తప్పించింది. అయితే స్కైఫోర్జ్ ఉక్కును, ద్వెమర్ లోహాన్ని ఆటగాడికి అందకుండా ఉంచి, కొంత జ్ఞానం చేతితోనే పుట్టి చేతితోనే పోతుందన్న సత్యాన్ని నిలిపింది.

వీడియో గేమ్‌లలో చేతివృత్తుల చిత్రణను అధ్యయనం చేసేవారు, ఆటగాడు ఏమి చేయగలడన్నదానితో పాటు ఏమి చేయలేడన్నదానిని కూడా పరిశీలించవలసి ఉంది. తెలుగు నేలపై ఈ పరిశీలనకు మరొక ప్రయోజనం ఉంది. ఇక్కడ ఇంకా కొన్ని కొలుములు వెలుగుతున్నాయి. కర్రు సాగదీసే చేయి, కక్కులు కొట్టే చేయి సజీవంగా ఉండగానే ఆ పనిని మాటలలో, దృశ్యాలలో, ధ్వనులలో నమోదు చేయడం పరిశోధకుల కర్తవ్యం. ఆ చేతులు ఆగిన తరువాత మిగిలేవి కోనసముద్రంలో మిగిలినట్లు తునకలే.